టీ షీట్ చూడకుండా చెక్కు రాయకండి: గోల్ఫ్ క్లబ్బు సభ్యత్వంపై మీ ప్రశ్నలు, మా జవాబులు

గోల్ఫ్, కంట్రీ క్లబ్బుల్లో చేరాలనుకునే పాఠకుల ఉత్తరాలు కొన్నాళ్లుగా పోగుపడ్డాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే. ఎక్కువమంది అడిగినవాటికి వివరంగా, మిగతావాటికి క్లుప్తంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఏడాదిన్నరగా డ్రైవింగ్ రేంజ్‌లో (బంతిని దూరం కొట్టడం సాధన చేసే చోట) నేర్చుకున్నాను. ఇప్పుడు క్లబ్బులో చేరదామని మూడుచోట్ల ఫారాలు తెచ్చుకున్నాను. మొదటిది నగరంలోనే ఉంది, పేరున్నది, ఎంట్రీ ఫీజు చాలా ఎక్కువ. రెండోచోట కట్టేదాంట్లో సగం డిపాజిట్టనీ, తిరిగిచ్చేస్తామనీ అంటున్నారు. మూడోది చౌకే గానీ ఇంటి నుంచి 55 కిలోమీటర్లు. దేన్ని ఎంచుకోవాలి?
— ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ఫారాలు పక్కన పెట్టండి. ముందు మూడు ఆదివారాలు, ఒక్కో వారం ఒక్కో క్లబ్బుకు, ఉదయం ఐదున్నరకల్లా వెళ్లి, గుంపులను వరసగా ఆటకు పంపే స్టార్టర్ పక్కన నిలబడి చూడండి. మీరు కొనబోయేది తెల్లవారుజామున దొరికే టీ టైమ్. టీ అంటే ఆట మొదటి దెబ్బ కొట్టే చోటు, టీ టైమ్ అంటే అక్కడ మీకు కేటాయించిన వేళ. అది దొరక్కపోతే ఎంత పేరున్న క్లబ్బయినా మీకు ఖరీదైన హోటల్‌తో సమానం.

చిన్న లెక్క వేద్దాం. గుంపుకు నలుగురు, పది నిమిషాలకో గుంపు. 6 నుంచి 8 గంటల దాకా 13 గుంపులు, అంటే 52 మంది. మైదానంలోని 18 హోల్స్‌లో (ఒక్కో గుంటలో బంతి వేసే దశల్లో) ఒకటో హోల్, పదో హోల్ రెండింటి దగ్గరా ఒకేసారి మొదలుపెట్టిస్తే 104 మంది. ఎనిమిది దాటాక కొత్తవాళ్లను పంపలేరు. ముందు వెళ్లినవాళ్లు తొమ్మిది హోల్స్ ముగించుకుని అవతలి టీ దగ్గరికి వచ్చే వేళ అదే. క్లబ్బులో ఆడే సభ్యులు 1,200 మంది ఉండి, ఆదివారం అందులో పదోవంతు వచ్చినా 120 మంది అవుతారు. అప్పటికే 16 మందికి చోటు లేదు. అతిథులు, కంపెనీ బుకింగులు ఈ లెక్కలోకి రానేలేదు.

అందుకే ఆఫీసులో ఇవి అడగండి. మొత్తం సభ్యుల సంఖ్య చెబితే సరిపోదు, గోల్ఫ్ ఆడే సభ్యులు ఎందరు? బుకింగ్ ఎన్ని రోజుల ముందు తెరుస్తారు, ఎంతసేపట్లో నిండిపోతుంది? ఏడాదిలో ఎన్ని శని, ఆదివారాలు టోర్నమెంట్లకు పోతాయి? గత నాలుగు ఆదివారాల టీ షీట్, అంటే ఏ వేళకు ఎవరెవరు ఆడారన్న జాబితా, చూపించమనండి. ఆరింటి నుంచి ఏడున్నర దాకా నాలుగు వారాలూ అవే పేర్లు, అదే వరసలో కనిపిస్తే ఆ వేళలు పాత గుంపుల చేతిలో ఉన్నట్టే. కొత్త సభ్యుడికి పదకొండు గంటల టీ మిగులుతుంది. ఒక రౌండుకు, అంటే 18 హోల్స్‌కు, నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది. హైదరాబాద్ మే నెలలో పదకొండింటికి మొదలుపెట్టడమంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

రెండోది భూమి. క్లబ్బుహౌస్ పాలరాయి చూసి చాలామంది అడగడం మరిచిపోయే ప్రశ్న ఇది: ఈ నేల ఎవరిది? చెన్నైలో మద్రాస్ జింఖానా క్లబ్బు గోల్ఫ్ మైదానం గిండీ రేస్‌కోర్సు లోపలే ఉంది. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం రేస్‌క్లబ్బుకు ఇచ్చిన లీజును రద్దు చేసి, 160 ఎకరాలను స్వాధీనం చేసుకుంది. లీజు రేస్‌క్లబ్బుది, ఇబ్బంది గోల్ఫ్ ఆడేవాళ్లకూ తగిలింది. అద్దెకున్నవాడి దగ్గర అద్దెకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఈ పరిస్థితి.

మన దగ్గర కూడా ఆలోచించాల్సినవి ఉన్నాయి. గోల్కొండలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్బు, కోటలో భాగమైన నయా ఖిల్లా గోడల మధ్య ఉంది. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని కేంద్ర చట్టం చెబుతోంది. అలాంటి చోట కొత్త భవనం, ఫ్లడ్‌లైట్లు, ఈతకొలను వస్తాయని ఎవరైనా ఊరిస్తే, పురావస్తు శాఖ అనుమతి కాగితం చూపించమనండి. గచ్చిబౌలి వైపు బండరాళ్ల మధ్య పీటర్ హారడైన్ డిజైన్ చేసిన బౌల్డర్ హిల్స్ మైదానం ఆటకు అందమైనది. అది ఎమ్మార్ టౌన్‌షిప్‌లో భాగంగా వచ్చింది, ఆ టౌన్‌షిప్ భూముల వ్యవహారంపై 2011లో సీబీఐ దర్యాప్తు మొదలైంది. ఈ రెండింటిలో చేరొద్దని మా ఉద్దేశం కాదు. ఏ క్లబ్బయినా సరే భూమి కాగితం, లీజు గడువు, నడుస్తున్న కేసుల జాబితా చూశాకే డబ్బు కట్టండి.

ఎక్కడ చూడాలి? ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ అయి తీరాలి, కాబట్టి సబ్ రిజిస్ట్రార్ దగ్గర నకలు తీసుకోవచ్చు. క్లబ్బు సొసైటీ అయితే బైలాస్ (నియమావళి) సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి. కంపెనీ అయితే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో 100 రూపాయలు కట్టి దాని కాగితాలు చూడొచ్చు. బ్యాలెన్స్ షీట్‌లో రెండు అంకెలు చూడండి: సభ్యులకు తిరిగి ఇవ్వాల్సిన డిపాజిట్లు ఎంత, బ్యాంకులో ఉన్నది ఎంత. ఇరవై కోట్లు ఇవ్వాల్సి ఉండి బ్యాంకులో కోటి మాత్రమే ఉంటే, మీ డిపాజిట్టును తర్వాత చేరబోయే సభ్యుడి డబ్బుతోనే ఇస్తారన్నమాట.

ఇక మైదానం. వాన పడ్డ మర్నాడు ఒకసారి, ఏప్రిల్‌లోనో మే నెలలోనో ఒకసారి వెళ్లండి. వాన మర్నాడు బంకర్లలో (ఇసుక గుంటల్లో) నీళ్లు నిలిచాయా, ఫెయిర్‌వే (మధ్యలో పొట్టిగా కోసిన గడ్డి బాట) మీద నడిస్తే బూటు కింద చిత్తడిగా ఉందా అన్నది చూడాలి. బంకర్‌లోకి దిగి ఇసుకలో సన్నటి పుల్ల గుచ్చండి. అడుగున నాలుగంగుళాలన్నా దిగాలి. అంగుళానికే గట్టినేల తగిలితే అక్కడ కొట్టిన ప్రతి షాట్‌కూ క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ఎగిరిపడుతుంది, మణికట్టుకు దెబ్బ.

తర్వాత ఒక గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద మోకాళ్ల మీద కూర్చుని హోల్ అంచును దగ్గరగా చూడండి. హోల్ వ్యాసం నాలుగుంపావు అంగుళాలు. మంచి గ్రీన్ మీద ఆ అంచు కత్తితో కోసినట్టుంటుంది. పీచులు లేచి, అంచు కుంగి గిన్నెలా ఉంటే హోల్‌ను రోజూ మార్చడం లేదని అర్థం. చుట్టూ బంతి పడ్డ గుంటలు ఎన్ని పూడ్చకుండా ఉన్నాయో లెక్కపెట్టండి. అవి గ్రౌండ్స్‌మన్ తప్పు కాదు, అక్కడి సభ్యుల తీరు. రేపు మీరు ఆడాల్సింది వాళ్లతోనే.

గ్రీన్ నిండా సన్నటి రంధ్రాలు, వాటి మీద ఇసుక కనిపిస్తే కంగారు పడకండి. వేళ్లకు గాలి ఆడటానికి అరంగుళం వెడల్పున మట్టి పోగులు తీసి ఇసుక నింపుతారు, రెండు మూడు వారాల్లో మళ్లీ కలిసిపోతుంది. ఆ పని ఏడాదికి ఎన్నిసార్లు చేస్తారని అడగండి. అసలు చేయరన్నా, మైదానం చూసుకునే సూపరింటెండెంట్ పేరు ఎవరికీ తెలియకపోయినా ఆ గ్రీన్లు ఎక్కువకాలం నిలవవు.

నీళ్ల సంగతి విడిగా అడగాలి. 40 ఎకరాల గడ్డికి వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్ల చొప్పున తడిపినా సుమారు 9.7 లక్షల లీటర్లు కావాలి. అంత నీరు బోర్ల నుంచి తోడుతున్నారంటే మే నెలలో ఫెయిర్‌వేలు ఎండిపోతాయి, లేదా చుట్టుపక్కల కాలనీలతో గొడవ వస్తుంది. శుద్ధిచేసిన మురుగునీటి లైను, పెద్ద చెరువు ఉన్న మైదానం నయం.

చివరికి డబ్బు. ఫీజు అంకె ఒక్కటే చూడకండి, పదేళ్ల లెక్క వేయండి. లెక్క తేలికగా ఉండటానికి ఒక ఉదాహరణ: ఎంట్రీ ఫీజు 15 లక్షలు, దానిమీద 18 శాతం జీఎస్టీతో 17.7 లక్షలు. నెలచందా పన్నుతో 5,900, పదేళ్లకు 7.08 లక్షలు. క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు), బగ్గీ (మైదానంలో తిరిగే చిన్న బండి), టిప్పు కలిపి రౌండుకు 1,500. నెలకు నాలుగు రౌండ్లాడితే పదేళ్లకు 7.2 లక్షలు. మొత్తం 31.98 లక్షలు, 480 రౌండ్లు. రౌండు 6,660 రూపాయల చొప్పున పడింది. అదే నెలకు రెండే రౌండ్లు ఆడితే రౌండు 11,800 దాటుతుంది. ఆ అంకెను అతిథిగా కట్టే గ్రీన్ ఫీతో పోల్చండి. నెలకు రెండు రౌండ్లకు మించి మీకు వీలుపడదనిపిస్తే, ఆట కోసమైతే సభ్యత్వం అక్కర్లేదు.

తిరిగిచ్చే డిపాజిట్ కూడా ఉచితం కాదు. 10 లక్షలు వడ్డీ లేకుండా వాళ్ల దగ్గర ఉంటే, 7 శాతం చొప్పున ఏడాదికి 70 వేలు మీరు వదులుకున్నట్టే. ఎప్పుడు ఇస్తారు, రాజీనామా చేసిన ఎన్ని నెలల్లో, కొత్త సభ్యుడు వస్తేనే ఇస్తామన్న షరతు ఉందా, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. నోటిమాట నీటిమూట. సంస్థ దివాలా తీస్తే హామీ ఉన్న బ్యాంకులకు ముందు ఇస్తారు, మీ వంటివాళ్లు వరస చివర నిలబడాలి.

మీ మూడింటి విషయానికొస్తే: మొదటిచోట ఆదివారం ఎనిమిదిలోపు టీ దొరుకుతుందని టీ షీట్ చెబితే, భూమి కాగితం బాగుంటే, అందులోనే చేరండి. ఇంటికి దగ్గరగా ఉండటం వల్ల వారం మధ్యలో తొమ్మిది హోల్స్ ఆడొచ్చు, రౌండు ఖర్చు అక్కడే తగ్గుతుంది. రెండోదానికి ఆడిటైన బ్యాలెన్స్ షీట్ చూపించకపోతే వదిలేయండి. మూడోచోటికి రానూపోనూ 110 కిలోమీటర్లు. రౌండు, స్నానం, టిఫిను కలిపి ఆదివారం ఎనిమిది గంటలు అక్కడికే పోతాయి. ఆరు నెలలు గ్రీన్ ఫీ కట్టి ఆడి చూడండి. మూడో నెలకల్లా వెళ్లబుద్ధి కాకపోతే లక్షలు మిగిలినట్టే.

ప్రశ్న: ఒక విల్లా ప్రాజెక్టులో కొనబోతున్నాం. 25 ఎకరాల్లో గోల్ఫ్ కోర్సు, విల్లాతో పాటే జీవితకాల క్లబ్బు సభ్యత్వం అన్నారు. నమ్మొచ్చా?
— ఒక గృహిణి, మోకిల

జవాబు: 18 హోల్స్ పూర్తి మైదానానికి సుమారు 120 నుంచి 180 ఎకరాలు, 9 హోల్స్‌కు 50 నుంచి 70 ఎకరాలు పడుతుంది. 25 ఎకరాల్లో చిన్న పార్-3 కోర్సు (మూడు దెబ్బల్లో ముగిసే పొట్టి హోల్స్ ఉన్నది), డ్రైవింగ్ రేంజ్ వస్తాయి. పిల్లలు నేర్చుకోవడానికి అది మంచిదే, కానీ దాన్ని గోల్ఫ్ కోర్సని విల్లా ధరలో కలిపితే మీరు లేనిదానికి డబ్బు కడుతున్నట్టు.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు నంబరు కొట్టి, ఆమోదించిన లేఅవుట్ తెరవండి. గోల్ఫ్ స్థలం మీ ప్రాజెక్టు సరిహద్దు లోపల ఉందా, "భవిష్యత్ అభివృద్ధి" అని పక్కన గీసి వదిలేశారా చూడండి. లోపలే ఉన్నా, ఉమ్మడి స్థలాల జాబితాలో లేకపోతే రేపు సంఘం ఏర్పడినా మైదానం బిల్డరుదే. కరపత్రంలో ఉన్న ప్రతి మాటనూ అమ్మకపు ఒప్పందంలోకి ఎక్కించమనండి. తప్పుడు ప్రకటన చూసి కొన్నవాళ్లకు రెరా చట్టం 12వ సెక్షన్ కింద వడ్డీతో డబ్బు వెనక్కి అడిగే హక్కుంది. అందుకే ఆ కరపత్రం పారేయకండి, తేదీ వేసి దాచండి.

జీవితకాలం అంటే ఎవరి జీవితం అన్నదీ అడగండి. విల్లా అమ్మితే కొనేవాళ్లకు సభ్యత్వం వెళుతుందా, మళ్లీ బదిలీ రుసుమా?

విల్లా ఎక్కడుందో చూడటం మరిచిపోవద్దు. కుడిచేతి వాటం ఆటగాళ్లలో కొత్తవాళ్ల బంతి ఎక్కువగా కుడికి వంగుతుంది. టీ నుంచి 180–220 గజాల దూరంలో, ఆట దిశకు కుడివైపున ఉన్న ఇళ్ల అద్దాలే ఎక్కువ పగులుతాయి. అక్కడి వరండాలో పసిపిల్లలను కూర్చోబెట్టలేరు. ఎడమవైపు ఉన్నదో, గ్రీన్ వెనక చెట్ల చాటున ఉన్నదో ఎంచుకోండి. గడ్డి కోసే యంత్రాలు తెల్లవారకముందే మొదలవుతాయి, పడకగది అటువైపు ఉండకుండా చూసుకోండి.

ప్రశ్న: నాకు ప్రపోజర్, సెకండర్ (పేరు ప్రతిపాదించి, బలపరిచే సభ్యులు) ఎవరూ లేరు. ఒక ఏజెంట్ ఇద్దరిని చూపిస్తానంటున్నాడు. వెయిటింగ్ లిస్టుకే డబ్బు కట్టమంటున్నారు, కట్టనా?
— ఒక వ్యాపారి, నల్లగొండ

జవాబు: ఏజెంట్‌తో వద్దు. మీరెవరో తెలియనివాళ్లు సంతకం పెట్టారని కమిటీ ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది, ఒకసారి తిరస్కరించిన పేరు మళ్లీ లేవడం కష్టం. బయటివాళ్లను అనుమతించే ఓపెన్ టోర్నమెంట్లలో ఆడండి, సభ్యుల అతిథిగా ఆడండి. ఆరు నెలల్లో నలుగురు మిమ్మల్ని గుర్తుపడతారు. వాళ్లు చూసేది మీ స్కోరును కాదు. పోయిన బంతి వెతకడానికి నియమం ఇచ్చిన సమయం మూడు నిమిషాలు, అది దాటకుండా వదిలేస్తున్నారా, బంకర్ ఇసుక చదును చేసి వస్తున్నారా, క్యాడీని ఎలా పిలుస్తున్నారు, ఇవి చూస్తారు. క్యాడీతో మర్యాదగా మాట్లాడేవాళ్ల పేరు క్లబ్బంతా తెలుస్తుంది.

వెయిటింగ్ లిస్టు డబ్బు కట్టేముందు మూడు కాగితాలు తీసుకోండి: జాబితాలో మీ వరుస సంఖ్య, గత మూడేళ్లలో ఏటా ఎందరిని చేర్చుకున్నారు, జాబితా నుంచి తప్పుకుంటే ఎంత వెనక్కిస్తారు. 3,000వ సంఖ్య ఇచ్చి ఏడాదికి వందమందిని చేర్చుకునే క్లబ్బు మీకు ముప్పై ఏళ్ల తర్వాత వస్తుంది. ఢిల్లీ జింఖానా క్లబ్బులో ఏళ్లకేళ్లు ఎదురుచూస్తున్న దరఖాస్తుదారుల డబ్బు కూడా క్లబ్బు పాలనపై నడిచిన వివాదంలో ఒక అంశమైంది. 2022లో కంపెనీ లా ట్రైబ్యునల్ ఆ క్లబ్బు పాలనను కేంద్రం నియమించే డైరెక్టర్లకు అప్పగించింది.

ప్రశ్న: హ్యాండిక్యాప్ ఉంటేనే సభ్యత్వం అంటున్నారు, సభ్యత్వం ఉంటేనే హ్యాండిక్యాప్ అంటున్నారు. ఏది ముందు?
— ఒక ఇంజినీరు, కూకట్‌పల్లి

జవాబు: హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి స్థాయిని చెప్పే అంకె, ఎంత తక్కువైతే ఆట అంత మేలు. చాలా క్లబ్బులు కొత్తవాళ్లను ముందు కోచ్ దగ్గర పరీక్షించి, కోర్సు మీదికి వెళ్లొచ్చని రాసిచ్చాకే పంపిస్తాయి. చేరాక మూడు రౌండ్లు, అంటే 54 హోల్స్ స్కోరుకార్డులు సంతకంతో ఇస్తే హ్యాండిక్యాప్ వస్తుంది. 2020లో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో గరిష్ఠం 54.0.

లెక్క ఇలా ఉంటుంది. మీ స్కోరు (కొట్టిన మొత్తం దెబ్బలు) 98, కోర్సు రేటింగ్ (ఆరితేరిన ఆటగాడు అక్కడ కొట్టే స్కోరు అంచనా) 70.4, స్లోప్ (మామూలు ఆటగాళ్లకు ఆ కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) 125 అనుకోండి. 98లోంచి 70.4 తీస్తే 27.6. దాన్ని ప్రామాణిక స్లోప్ అయిన 113తో గుణించి 125తో భాగిస్తే 24.95, అంటే దాదాపు 25.0. మూడు కార్డులే ఉన్నప్పుడు వాటిలో తక్కువదాన్ని తీసుకుని అందులోంచి ఇంకో 2 తగ్గిస్తారు. అదే మీ ఉత్తమ కార్డయితే మీ ఇండెక్స్, అంటే హ్యాండిక్యాప్ అంకె, 23.0. ఇరవై కార్డులయ్యాక వాటిలో మేలైన ఎనిమిదింటి సగటు తీస్తారు. మొదటి కార్డుల్లో ఏ హోల్‌లోనైనా పార్‌కు (ఆ హోల్‌కు నిర్ణయించిన దెబ్బలకు) అయిదు మించి వచ్చినవి పార్ ప్లస్ అయిదుగానే లెక్కేస్తారు, కాబట్టి ఒక హోల్‌లో పన్నెండు కొట్టారని దిగులుపడకండి.

ఇందులోనే క్లబ్బును పరీక్షించే మార్గం ఉంది. స్కోరుకార్డు వెనక కోర్సు రేటింగ్, స్లోప్ అచ్చయి ఉన్నాయా చూడండి. లేకపోతే అక్కడి స్కోర్లతో వచ్చే హ్యాండిక్యాప్ వేరే ఊళ్లో ఒప్పుకోరు.

సామాను సంగతి: నియమం ప్రకారం 14 కర్రల (క్లబ్బుల) దాకా మోయొచ్చు, మీకు ఏడెనిమిది చాలు. పాత హాఫ్ సెట్‌తో ఏడాది ఆడండి.

ప్రశ్న: మా కంపెనీ పేరిట కార్పొరేట్ సభ్యత్వం తీసుకుంటే పన్ను కలిసొస్తుందా?
— ఒక చిన్న పరిశ్రమ యజమాని, బాలానగర్

జవాబు: మీరు అనుకున్నంత రాదు. క్లబ్బు సభ్యత్వం మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (దాన్ని మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు) ఇవ్వకూడదని చట్టంలో 17(5) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఉద్యోగి లేదా డైరెక్టర్ వాడుకున్న ఏటి చందా, బిల్లులు పూర్తిగా వ్యాపారం కోసమేనని రికార్డుతో చూపించలేకపోతే అతని జీతంలో సౌకర్యంగా కలిపి పన్ను వేస్తారు. ఎవరిని తీసుకొచ్చారు, ఏ పని మీద, ఎంత బిల్లయింది అని ప్రతిసారీ రాసి పెట్టుకోవాలి.

అసలు చూడాల్సింది నామినీ (కంపెనీ తరఫున సభ్యత్వం వాడుకునే వ్యక్తి) షరతులు. నామినీని మారిస్తే ఎంత రుసుము, ఏడాదికి ఎన్నిసార్లు, నామినీకి ఓటు ఉందా, గడువు 10 ఏళ్లా 15 ఏళ్లా? గడువు ముగిశాక పునరుద్ధరణ ధర ఇప్పుడే రాసివ్వకపోతే అప్పటి రేటు అడుగుతారు.

ప్రశ్న: మా ఆయన పేరిట సభ్యత్వం తీసుకోబోతున్నాం, నేనూ ఆడతాను. మాకు ఇద్దరు ఆడపిల్లలు. మా హక్కులు ఎంతవరకు?
— ఒక డాక్టర్, బంజారాహిల్స్

జవాబు: ఈ ప్రశ్న సంతకానికి ముందు అడిగినందుకు సంతోషం. బైలాస్‌లో "డిపెండెంట్" అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో గీత గీసి చదవండి. మీ పేరిట విడిగా టీ బుక్ చేసుకోవచ్చా? వారాంతపు ఉదయం సభ్యుడు లేకుండా మీరొక్కరే ఆడొచ్చా? భర్త చనిపోతే భార్యకు రుసుము లేకుండా సభ్యత్వం వస్తుందా, ఎన్ని నెలల్లో దరఖాస్తు చేయాలి? విడాకులైతే? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి, చాలా క్లబ్బుల్లో ఆ రోజు నుంచే గేటు దగ్గర కార్డు పనిచేయదు.

పిల్లల విషయంలో వయసు పరిమితి ఎక్కడ 21, ఎక్కడ 25 అన్నది చూడండి. పెళ్లయిన కూతురికి హక్కు పోతుందని, పెళ్లయిన కొడుక్కి ఉంటుందని రాసి ఉంటే, కమిటీకి ఉత్తరం రాసి ఆ నిబంధన మార్చే ఉద్దేశం ఉందో లేదో అడగండి. జవాబు ఎలా వస్తుందో దాన్నిబట్టి ఆ క్లబ్బు ఎటు వెళుతోందో తెలుస్తుంది. పెద్ద పెద్ద క్లబ్బులే మారాయి: అమెరికాలో అగస్టా నేషనల్ 2012లో మొదటిసారి ఇద్దరు మహిళలను చేర్చుకుంది, స్కాట్లాండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్ 2017లో మహిళలకు ద్వారం తెరవాలని ఓటేసింది.

వీలైతే ఒకటి చేయండి. సభ్యత్వం మీ పేరిటే తీసుకుని, మీ వారిని డిపెండెంట్‌గా పెట్టండి. వారానికి ఎక్కువ రౌండ్లు ఎవరు ఆడతారో వాళ్ల పేరిట ఉండటమే న్యాయం.

ప్రశ్న: డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఇక్కడ ఈక్విటీ క్లబ్, నాన్ ఈక్విటీ క్లబ్ అంటున్నారు. తేడా ఏమిటి?
— ఒక ఐటీ ఉద్యోగి, టెక్సస్

జవాబు: ఈక్విటీ క్లబ్బులో సభ్యులే యజమానులు. ఓటు ఉంటుంది, దాంతోపాటు భారమూ ఉంటుంది. క్లబ్బుహౌస్ పైకప్పు మార్చాలన్నా, గ్రీన్లు తిరగదోడాలన్నా తలా ఇన్ని వేల డాలర్లని అసెస్‌మెంట్ వేస్తారు. నాన్ ఈక్విటీలో యజమాని కంపెనీ. భారం తక్కువ, కానీ అది అమ్ముడుపోతే నియమాలు మారతాయి, మీకు ఓటుండదు.

గత పదేళ్ల అసెస్‌మెంట్ల జాబితా, క్లబ్బు అప్పు, నెలచందా ఏటా ఎంత పెరిగింది, భోజనానికి నెలకు కనీసం ఎంత ఖర్చుపెట్టాలి, ఇవి రాతపూర్వకంగా అడగండి. ఆ కనీసం లెక్కలోకి మద్యం, టిప్పు, పన్ను వస్తాయా లేదా కూడా చూడండి. ఇంట్లో మాంసాహారం తినని పెద్దవాళ్లుంటే మెనూ చూడకుండా సంతకం చేయొద్దు, ప్రతి నెలా డబ్బు వృథా పోతుంది. అక్కడ క్లబ్బు చందాను వ్యాపార ఖర్చుగా చూపించడం 1994 నుంచి కుదరదు.

అన్నిటికన్నా ముఖ్యం బయటికొచ్చే దారి. కొన్ని ఈక్విటీ క్లబ్బుల్లో రాజీనామా చేసినవాళ్లు ఒక జాబితాలో నిలబడాలి. కొత్తగా ముగ్గురో నలుగురో చేరితే పాతవాళ్లలో ఒకరికి డబ్బిస్తారు. అప్పటిదాకా నెలచందా కడుతూనే ఉండాలి. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లే అవకాశం ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఉచ్చు. ఆ జాబితాలో ఇప్పుడు ఎందరున్నారో తెలుసుకోండి. తొందరేమీ లేదు, మీ ఊళ్లోనే పీజీఏ ఫ్రిస్కో గోల్ఫ్ సముదాయంలో 2023లో తెరిచిన రెండు 18 హోల్స్ మైదానాలు డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు. ఒక చలికాలం కూడా చూడండి. అక్కడి బెర్ముడా గడ్డి చలికి గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది. ఆ మూడు నాలుగు నెలలూ మీరు నిజంగా ఆడతారో లేదో తేలాక చందా లెక్క వేసుకోండి.

ప్రశ్న: విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో చేరితే వేరే ఊళ్ల క్లబ్బుల్లోనూ ఆడుకోవచ్చని అంటున్నారు. నిజమేనా?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: ఏ క్లబ్బు విషయంలోనైనా అఫిలియేషన్ జాబితాను (ఇతర క్లబ్బులతో ఉన్న ఒప్పందాలను) రెండుగా విడదీసి చదవండి. కొన్ని ఒప్పందాలు గదులకు, భోజనానికే పరిమితం. గోల్ఫ్‌కు విడిగా రాసి ఉండాలి. రాసి ఉన్నా చాలాచోట్ల శని, ఆదివారాల ఉదయం సొంత సభ్యులకే కేటాయిస్తారు, నెలకు ఇన్ని రోజులని పరిమితి పెడతారు, అఫిలియేటెడ్ రేటుతో గ్రీన్ ఫీ తీసుకుంటారు. బెంగళూరులో అబ్బాయి దగ్గరికి ఏటా రెండు నెలలు వెళతారనుకోండి, అక్కడి క్లబ్బుకు ముందే ఫోన్ చేసి వారం మధ్యలో అఫిలియేటెడ్ సభ్యుడికి టీ ఎన్నింటికి ఇస్తారో అడగండి. బయల్దేరే ముందు మీ క్లబ్బు సెక్రటరీ నుంచి పరిచయ లేఖ, హ్యాండిక్యాప్ సర్టిఫికెట్, బకాయిలు లేవన్న కాగితం తీసుకోండి. బాకీ ఉన్న సభ్యుడికి ఆ లేఖ ఇవ్వరు, అక్కడి బిల్లు కూడా కట్టకపోతే తిరిగి మీ క్లబ్బుకే వస్తుంది. బూట్ల అడుగున ఇనుప ముల్లులుంటే ఇప్పుడే మెత్తటివి వేయించుకోండి, చాలా మైదానాల్లో ఇనుపవాటిని గేటు దగ్గరే ఆపేస్తారు.